వీణాశబ్దము, హార్పుశబ్దము: ఒక నామరూప విచారము

శ్రీ గురుభ్యో నమః.

గత వసంతపంచమినాడు అక్షరాభ్యాసములు ముగిసి, భక్తులు ప్రసాదము స్వీకరించుచున్న వేళ, విదేశమునుండి వచ్చిన ఒక గృహస్థుని కుమార్తె నా యొద్దకు వచ్చి రెండు పుస్తకములను తెరచి చూపినది. రెండింటను ఒకే చిత్రము. అది గుప్తచక్రవర్తి సముద్రగుప్తుని బంగారు నాణెము. రాజు మంచముపై సుఖాసీనుడై ఒడిలో తంత్రీవాద్యమును ఉంచుకొని మీటుచున్నాడు. తెలుగు పుస్తకము దానిని ‘వీణ’ యన్నది. ఆంగ్ల పుస్తకము ‘హార్ప్’ అన్నది. “పంతులుగారూ, రాజుగారి చేతిలో ఉన్నది అమ్మవారి వీణలాగా లేదు కదా! ఈ రెండు పుస్తకాలలో ఏది తప్పు?” అని ఆ బాలిక అడిగినది.

నేను ఆలోచింపకయే ప్రత్యుత్తరమిచ్చితిని. “వీణయే తల్లీ. నాణెము చిన్నది గనుక శిల్పి సరిగా చెక్కలేకపోయినాడు. ఆంగ్లేయులకు మన వీణ తెలియదు” అంటిని. బాలిక తల యూపి వెడలినది. కాని ఆ రాత్రి నిద్రకు ముందు నాకు అధ్యయనకాలమున చదివిన ఒక ఆరణ్యకవాక్యము స్ఫురించి, నేను చెప్పినది అసత్యమని తోచినది. గురుస్థానమున కూర్చుండి తెలియనిదానిని తెలిసినట్లు చెప్పుట దోషము. ఆ దోషమునకు పరిహారముగా ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

వాద్యముల జాతిభేదము

ముందుగా మూడు వాద్యజాతులను వేరుపరచుకొనవలెను. లేనిచో విచారము ముందుకు సాగదు.

హార్ప్ అనగా ధనురాకృతి గలది. ఒక నాదపేటిక, దానినుండి పైకి వంగిన మెడ, ఆ రెంటినడుమ వింటినారివలె బిగింపబడిన తంత్రులు. ఒక తంత్రికి ఒకే స్వరము. ఎన్ని స్వరములు కావలెనో అన్ని తంత్రులు ఉండవలెను. మెట్లు లేవు. రెండవది లైర్. దానిలో పేటికనుండి రెండు బాహువులు లేచి, వాటిని కలుపుచు ఒక అడ్డుకర్ర యుండును. తంత్రులు పేటిక మీదుగా పోయి ఆ కర్రకు కట్టబడును. మూడవది మన నేటి వీణవంటిది. దండము మీదుగా తంత్రులు సాగును. వ్రేలితో మెట్టుపై నొక్కుటచే ఒక్క తంత్రియే అనేక స్వరములను పలుకును. సరస్వతీవీణకు ఇరువదినాలుగు మెట్లు, వాయించు తంత్రులు నాలుగు, తాళమునకు మూడు.

సముద్రగుప్తుని ఒడిలో నున్నది నిస్సంశయముగా మొదటి జాతికి చెందినది. అది ధనుర్వాద్యము. నాణెమునందు మెట్లుగాని దండముగాని లేవు. శిల్పి పొరపడలేదు. ప్రయాగ స్తంభశాసనము ఈ రాజును గానవిద్యలో తుంబురు నారదులతో పోల్చినది. అట్టి రాజు చేతి వాద్యమును టంకశాల శిల్పి ఊహించి చెక్కియుండడు. విచిత్రమేమనగా, ఆంగ్ల నాణెశాస్త్రజ్ఞులు ఈ ముద్రకు పెట్టిన పేరు ‘లైరిస్టు’ ముద్ర, అనగా లైర్ వాయించువాని ముద్ర. చిత్రమున హార్ప్, వారి పరిభాషలో లైర్, మన నోట వీణ. ఒకే వస్తువునకు మూడు నామములు!

ఆంగ్లశబ్దపు చరిత్ర

హార్ప్ అను ఆంగ్లశబ్దము ప్రాచీనాంగ్లమున ‘హేర్పె’ యని యుండెడిది. జర్మను భాషలో ‘హార్ఫె’, ప్రాచీన నార్సు భాషలో ‘హర్ప’. ఇవి సోదరశబ్దములు. ఫ్రెంచి, ఇటాలియను, స్పానిషు భాషలు దీనిని జర్మానిక జాతులనుండియే గ్రహించినవి. క్రీ.శ. 6వ శతాబ్దమున వెనాంటియస్ ఫోర్చునేటస్ అను లాటిన్ కవి రోమనులకు లైర్, ‘బర్బరులకు’ హర్ప అని విభజించి వ్రాసెను. ఈ శబ్దమునకు లభించిన ప్రాచీనతమ ప్రయోగములలో ఇది యొకటి. మూలధాతువు విషయమున పండితులు ఏకాభిప్రాయులు కారు. ‘వంగినది’ యను అర్థమునుండి వచ్చినదని కొందరు, తంత్రులను లాగి మీటు క్రియనుండి వచ్చినదని కొందరు. గ్రీకుభాషలో కొడవలికి ‘హర్పె’ యని పేరు కలదు. ధ్వనిసామ్యముచే ఈ రెంటిని ముడిపెట్టుట సులభము, కాని యుక్తము కాదు. మన నిరుక్తమునందును వర్ణసామ్యమునకంటె అర్థమే ముఖ్యమని యాస్కుడు బోధించియున్నాడు గదా.

ఇప్పుడు ఆ శబ్దపు నడకను చూడుడు. ‘బేవుల్ఫ్’ అను ప్రాచీనాంగ్ల వీరకావ్యమున రాజసభలలో హేర్పె మ్రోగుచుండును. తరతరముల పాఠకులు దానిని నేటి హార్ప్‌గానే భావించిరి. 1939లో ఇంగ్లండు తూర్పుతీరమున సఫక్ మండలమందలి సట్టన్ హూ అనుచోట, క్రీ.శ. 7వ శతాబ్దారంభమునకు చెందిన ఒక రాజసమాధి త్రవ్వకమున బయల్పడినది. ఓడతో సహా పూడ్చిన ఆ సమాధిలో కొన్ని కొయ్యముక్కలు దొరకినవి. అవి ఒక తంత్రీవాద్యపు శకలములు. కావ్యమున హేర్పె యని యున్నది గనుక పండితులు మొదట వాటిని కూర్చి ఒక హార్ప్‌ను నిర్మించిరి. తరువాత మరియొక సమాధిలో దొరకిన శకలములతో పోల్చి చూడగా కూర్పు తప్పని తేలినది. 1970 ప్రాంతమున దానిని ఆరు తంత్రుల లైర్‌గా పునర్నిర్మించిరి. కాబట్టి ఆ కావ్యకాలమున ‘హేర్పె’ యని పిలువబడినది ప్రధానముగా లైర్! త్రిభుజాకారపు అసలు హార్ప్ బొమ్మలు బ్రిటన్ ద్వీపమున 8, 9 శతాబ్దులనాటి స్కాట్లండు శిలలపై కానవచ్చును. క్రమముగా క్రొత్త వాద్యము పాత పేరును ఆక్రమించినది.

శబ్దము అంతటితో ఆగలేదు. చెప్పినదానినే పదేపదే చెప్పుటకు ఆంగ్లమున హార్ప్ క్రియాపదమైనది. ఒకే తీగెను మీటుచుండుట యని దాని మొదటి భావము. మనవారు ‘పాడిందే పాటరా పాచిపళ్ళ దాసరీ’ యన్నట్లే. మన కచేరీలలో పండ్లనడుమ ఉంచి వాయించు మోర్‌సింగునకును ఆంగ్లమున దవడతో ముడిపెట్టి హార్ప్ అనియే పేరు. అందు ధనువు లేదు, తంత్రులు లేవు, హార్ప్ లక్షణ మొక్కటియు లేదు. పేరు మాత్రము అతికినది.

ఇది చదివి మనము నవ్వవచ్చును. కాని అదే పని మనమును చేసియున్నాము.

శ్రుతిలోని వీణ

ఋక్సంహితయందు వాణము, కర్కరి, గర్గరము అను వాద్యనామములు కలవుగాని వీణాశబ్దము కానరాదు. అది యజుస్సంహితలతో ఆరంభమగుచున్నది. మన తెలుగుదేశమున అధికప్రచారము గల తైత్తిరీయశాఖలో ఒక మనోహరమైన ఆఖ్యానమున్నది. వాగ్దేవి దేవతలను వీడి పోయి వనస్పతులలో ప్రవేశించినది. దుందుభియందు, తూణవమను వేణువునందు, వీణయందు పలుకునది ఆ వాక్కే యని షష్ఠకాండము చెప్పుచున్నది. అదే సంహితలో సప్తమకాండమున మహావ్రతప్రకరణమందు నూరు తంత్రుల వాణము విధింపబడినది. పురుషుడు శతాయువు, శతేంద్రియుడు గనుక నూరు తంత్రులు. యోచింపుడు. మెట్లు గల వాద్యమునకు నూరు తంత్రులు ఎందుకు? ప్రతి తంత్రియు తన ఒక్క స్వరమునే పలుకు వాద్యమునకే ఆ సంఖ్య పొసగును.

అశ్వమేధమున బ్రాహ్మణుడు పగలును, రాజన్యుడు రాత్రియును వీణతో గాథలను పాడవలెను. పురుషునకు శ్రీ లభించినపుడు అతనికై వీణ వాయింపబడునని బ్రాహ్మణవాక్యము. ఇది రాజుల మాట. మన యింటి మాటయు కలదు. ఆపస్తంబ గృహ్యసూత్రమున సీమంతోన్నయనమందు, పాడుడని ఇద్దరు వీణాగాథులను ఆజ్ఞాపింపవలెను. ఆ గాథలో, ఆ దంపతులు ఏ నదీతీరమున నివసింతురో ఆ నది పేరు చెప్పవలెను. కృష్ణాతీరవాసులకు కృష్ణ, గౌతమీతీరవాసులకు గౌతమి. నేడు వీణాగాథులు లేరు. గాథలను మేమే పఠించుచున్నాము. నది పేరు మాత్రము మారక వినబడుచున్నది.

ఇక నాకు నిద్ర పట్టనీయని వాక్యము. ఐతరేయారణ్యకపు తృతీయారణ్యకమున దైవీ వీణ, మానుషీ వీణ యని రెండు చెప్పబడినవి. దైవీ వీణ యనగా ఈ శరీరమే. మనుష్యుడు చేసిన వీణ దానికి అనుకృతి మాత్రమే. దీనికి శిరస్సున్నట్లు దానికి శిరస్సు. దీనికి ఉదరమున్నట్లు దానికి అంభణమను నాదపేటిక. దీనికి జిహ్వ యున్నట్లు దానికి వాదనసాధనము. ఇది రోమములు గల చర్మముచే కప్పబడినట్లు అదియు రోమశచర్మముచే కప్పబడినది. ఆపై ఆరణ్యకము ఒక మాట చేర్చుచున్నది. పూర్వము వీణలను రోమశచర్మముతో కప్పెడివారట!

అనేక సంవత్సరములు నేను ఉపన్యాసములలో ఈ చర్మమును వీణకు తొడుగు గవిసెనగా వివరించితిని. పనసకొయ్యతో తొలిచి, కొయ్యపలకతోనే మూసిన బొబ్బిలివీణను ఎదుట పెట్టుకొని చదివినవానికి వేరే అర్థము తోచదు. కాని గవిసెన తొడుగవచ్చును, తీయవచ్చును. శరీరమునకు చర్మము అట్టిది కాదు. ఉదరమును కప్పి, దానిని మ్రోగునట్లు చేయు తోలు అను అర్థమున ఉపమానము పూర్ణముగా పొసగుచున్నది. సట్టన్ హూ లైర్ కూడ బీవరను జంతువు తోలుసంచిలో దొరకినదను మాట నిజమే గనుక, గవిసెన యనిన నా పూర్వవ్యాఖ్యను అసంభవమనను. అయినను శిల్పసాక్ష్యము రెండవ అర్థమునకే బలము చేకూర్చుచున్నది.

శిలలు చెప్పు సాక్ష్యము

ఆ శిల్పములకై దూరము పోనక్కరలేదు. భర్హుతము, సాంచి మొదలుకొని మన కృష్ణాతీరమందలి అమరావతి, నాగార్జునకొండ శిల్పములవరకు గాయకుల ఒడిలో తరచుగా కానవచ్చునది ధనుర్వీణయే. నావవలె ఉబ్బిన ఉదరము, పైకి వంగిన మెడ, నడుమ తంత్రులు. మెట్లు గల సరస్వతీవీణ ఒక్కటియు లేదు. ఆ కాలపు తెలుగునేలమీద ‘వీణ’ యనిన ఎవరికైనను మనసున మెదలు రూపము అదియే.

శాస్త్రగ్రంథములును అట్లే పలుకుచున్నవి. నాట్యశాస్త్రమున చిత్రావీణకు ఏడు తంత్రులు, దానిని వ్రేళ్ళతో మీటవలెను. విపంచికి తొమ్మిది, దానిని కోణముతో వాయింపవలెను. శ్రుతులను నిరూపించుటకు భరతుడు రెండు వీణలను సమముగా శ్రుతిచేసి, ఒకదాని తంత్రులను క్రమముగా దించుచు పోవును. ఒక తంత్రికి ఒక స్వరమైనపుడే ఆ ప్రయోగము సుగమము. అమరసింహుడు వీణాంగములను చెప్పుచు, తంత్రులను కట్టు స్థానమునకు ‘ఉపనాహము’ అను పేరిచ్చెను. ఈ అంగనామములను, శిల్పములను పోల్చి, ప్రాచీనవీణ ధనుర్వాద్యమని 1930లో ఆనంద కుమారస్వామి అమెరికా ప్రాచ్యసంఘపు పత్రికలో నిరూపించెను. దానికి పూర్వము 1884లో బృహదారణ్యకమును ఆంగ్లీకరించిన మాక్స్ ముల్లర్ వీణను ‘ల్యూట్’ అనెను. ల్యూట్ మెడపై వ్రేళ్ళతో నొక్కి వాయించు వాద్యము. తన కాలపు వీణయే అతనికిని కన్నులకు కట్టినది. ఈ విషయమున అతడును నేనును ఒకే పొరపాటు చేసినవారము.

గుప్తుల పిమ్మట ధనుర్వీణ క్రమముగా ఈ దేశమున అంతరించినది. దండమునకు సొరబుర్ర కట్టిన ఏకతంత్రి, మెట్లు గల కిన్నరి మొదలగునవి ప్రాబల్యము వహించినవి. 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున వర్ణించినవి ఇవియే. 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధియందు మెట్ల అమరికను బట్టి వీణాభేదములను చెప్పి, ఒకదానికి విజయనగర ప్రభువగు అచ్యుతరాయల పేరుంచెను. 17వ శతాబ్దమున తంజావూరును ఏలిన రఘునాథనాయకుని పేర నేటి ఇరువదినాలుగు మెట్ల వీణ స్థిరపడినదని సంప్రదాయము. అనగా మనము పూజించు ఈ వీణారూపమునకు వయస్సు సుమారు నాలుగువందల సంవత్సరములు.

పాత రూపము పూర్తిగా నశింపలేదు. తమిళమున ‘యాళ్’ అనునది ఆ వాద్యమే. అందొక భేదమునకు విల్‌యాళ్ అని పేరు. మన ‘విల్లు’ శబ్దము అందు స్పష్టముగా వినబడుచున్నది. శ్రీరామకృష్ణసంఘ సన్న్యాసియగు విపులానందస్వామి దీనిపై పరిశోధించి 1947లో ‘యాళ్ నూల్’ అను గ్రంథమును వెలువరించెను. బర్మాదేశమున సౌంగ్ అను ధనుర్వీణ నేటికిని జీవించియున్నది. దాని ఉదరము జింకతోలుతో కప్పబడును. పాత పద్ధతిలో తంత్రులను మెడచుట్టు త్రాళ్ళతో కట్టి శ్రుతిచేయుదురు. ఆరణ్యకపు చర్మము, అమరకోశపు ఉపనాహము రెండును అక్కడ ప్రత్యక్షము. మధ్యప్రదేశమున మండలా ప్రాంతమందలి పర్ధానులు, గోండులకు వంశగాథలు పాడు గాయకులు, తోలు కప్పిన ఐదు తంత్రుల ధనుర్వాద్యమును వాయింతురు. దాని పేరు ‘బీన్ బాజా’. బీన్ అనగా వీణయే. పండితులమైన మనము మరచిన శబ్దార్థమును అడవిలోని గాయకుడు తన వాద్యముతో కాపాడినాడు.

తెలుగున ధనుర్వీణకు పేరు లేకుండుటయు ఈ విస్మృతి ఫలమే. క్రైస్తవుల తెలుగు గ్రంథమున దావీదు వాద్యమును ‘సితారా’ యని అనువదించిరి. రెండువేల సంవత్సరములకు పూర్వపు అమరావతివాసియైనచో దానికి వీణ యని సహజముగా పేరు పెట్టియుండును.

గ్రహింపవలసినది

ఇట్లు చెప్పినచో అమ్మవారి చేతి వీణకు న్యూనత కలుగునా యని కొందరు భక్తులు శంకింపవచ్చును. వేదకాలమునుండియు వీణ ఇదే రూపమున నున్నదని వాదించువారు ఒకవైపు, ఈ వీణ నిన్న మొన్నటిది గనుక సంప్రదాయమంతయు కల్పితమనువారు మరొకవైపు. ఇరువురును పట్టుకొన్నది రూపమునే. రూపము మారునని శ్రుతి దాచలేదు. ‘పూర్వము అట్లు కప్పెడివారు’ అని ఆరణ్యకమే తన కాలమునకు ముందున్న వీణను స్మరించినది. శ్రుతికి లేని భయము మనకేల?

బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి ఉపదేశించునపుడు ఈ వీణనే దృష్టాంతముగా గ్రహించెను. వాయింపబడుచున్న వీణనుండి వెలువడు శబ్దములను వేర్వేరుగా పట్టుకొనజాలము. వీణను గాని, వాదకుని గాని గ్రహించినచో ఆ శబ్దములు గ్రహింపబడును. భగవత్పాదులు ఇందు సామాన్యవిశేషన్యాయమును చూపిరి. విశేషములు సామాన్యమును వీడి యుండవు. అట్లే సకలవిశేషములు ప్రజ్ఞానఘనమును వీడి యుండవు. ధనుర్వీణను ఎదుట ఉంచుకొని చూచినచో ఈ దృష్టాంతము మరింత స్ఫుటమగును. అక్కడ ప్రతి తంత్రికి వేరు స్వరము, వేరు నిడివి. కన్నులకు అనేకత్వమే గోచరించును. అయినను అన్నియు ఒకే ఉదరమున నాటుకొని, ఒకే చర్మముపై మ్రోగుచున్నవి. తంత్రులు నానాత్వము, ఉదరము ఏకత్వము. శతతంతువగు వాణమును నిత్యము చూచు శిష్యులకు ఆ మాట ఎంత సులభముగా హృదయమునకు ఎక్కియుండునో!

పశ్చిమమున లైర్‌కు పెట్టిన పేరు హార్ప్‌కు చేరినది. ఇక్కడ హార్ప్‌కు పెట్టిన పేరు మెట్ల వీణకు చేరినది. రెండు తావులను నామము నిలిచినది, రూపము మారినది. నామమును చూచి రూపమును నిర్ణయించినవాడు ఇంగ్లండునను పొరపడినాడు, ఇక్కడ నేనును పొరపడినాను. శబ్దమును ఉపాసించువారు శబ్దచరిత్రను తెలిసికొనుట విద్యాధిదేవతకు అపచారము కాదు. తెలియనిదానిని తెలిసినట్లు పలుకుటయే అపచారము.

ఆ బాలిక తండ్రికి ఉత్తరము వ్రాసితిని. “తల్లీ, రెండు పుస్తకములును సత్యమే చెప్పినవి. తప్పు నాది. రాజు చేతిలోనిది హార్ప్. మన పూర్వులు దానినే వీణ యనిరి. అమ్మవారి చేతిలోనిదియు వీణయే. రూపములు రెండు, పలుకునది ఒక్క వాక్కే” అని. ఈసారి సీమంతమున నది పేరు చెప్పి గాథను పఠించునపుడు, నా మనసున ఇరువదినాలుగు మెట్ల వీణ మెదలదు. అమరావతి పలకపై కృష్ణాతీరపు గాయని ఒడిలోని ఆ వంగిన విల్లు మెదలును.

సర్వం శ్రీ శారదాచరణారవిందార్పణమస్తు.